గృహశోభయందు చిత్రకారుని భాగము

(సంఘ వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



మాటనేర్పరులు పెక్కుమంది గల ఈ వేదికపై కుంచె పట్టువారిని నిలువబెట్టుట ఆహ్వానసంఘమువారి సాహసమని చెప్పవలెను. మా చేతులకు సున్నము పరిచితము గాని మా నోటికి సభ పరిచితము గాదు. నలువది సంవత్సరములకు పైగా గోడల యెదుట నిలిచి పనిచేసితిమి. గోడ ఎదురు చెప్పదు, చప్పట్లును గొట్టదు. కావున మా మాటలందు దోషములున్నచో మన్నింప వేడుచున్నాము. సుందరమైన ఇంటిని గూర్చి నాలుగు మాటలు చెప్పుడని మాకు ఆజ్ఞయైనది. ఇంటి కొలతలను, ఆయములను, బలాబలములను చెప్పుటకు స్థపతులును ఇంజనీర్లును ఈ సభయందే యున్నారు. చిత్రకారుని కంటికి ఇల్లు ఎట్లు కనబడునో, దాని శోభలో మాకు గల భాగమెంతయో అంతవరకే విన్నవించుకొందుము.

క్రొత్తయిల్లు కట్టుకొన్నవారు మమ్ము పిలుచునది సాధారణముగా గృహప్రవేశమునకు పది దినముల ముందు. "ఈ గోడ బోసిగా నున్నది, ఏదైన వేయుడు" అందురు. మేము ఏ చిత్రమని అడుగము. మొదట గోడను వ్రేలి కణుపుతో కొట్టి చూతుము. పిదప అరచేతిని ఆనించి తేమ చూతుము. ఉదయమునను సాయంకాలమునను ఆ గదిలో కొంతసేపు ఊరక కూర్చుందుము. గృహస్థునకు ఇది వింతగా దోచును. ఇంకను కుంచె తీయలేదేమని ఆయన లోలోపల కూలి లెక్క వేసికొనుచుండును. కాని గోడ తన మాట చెప్పిన పిదపనే మేము మా మాట చెప్పవలెను. ఇది మా వృత్తియందలి మొదటి పాఠము.

ఏలనన, ఇంటిలోపలి అందము తుదిదినమున తెచ్చి అతికించు వస్తువు గాదు. గుమ్మము యెత్తు సరిపడినచో ఆ గుమ్మము ప్రక్కగోడకు నిండుతనము వచ్చును. వడ్రంగి దూలమునకు తీర్చిన అంచు నిక్కముగా నున్నచో దాని క్రింద మేము దీయు గీత నిక్కముగా నుండును. కమ్మరి కొట్టిన కిటికీ ఊచల నీడ మధ్యాహ్నవేళ మా చిత్రముపై బడును. కంచరి పోతపోసిన దీపపుసెమ్మె వెలుగు రాత్రివేళ దానిపై బడును. శిల్పి నిలిపిన స్తంభము చిత్రమును రెండుగా విడదీయును. ఇందరి పని ముగిసినపిదప వచ్చువాడు చిత్రకారుడు. ముందువారి నేర్పు ఆయనకు భాగ్యము. వారి తొందరపాటు ఆయనకు శాపము. మన పెద్దలు ఐదు వృత్తులను ఒక్క తండ్రి బిడ్డలని చెప్పుటలో మాకు దోచు అర్థమిదియే. ఒకని తప్పును మరియొకడు కప్పజాలడు.

మా తండ్రిగారు తాపీపనివారు. మేము రంగులు నేర్చుటకు ముందే సున్నము నేర్చితిమి. కాల్చిన సున్నపురాయిని నీటిలో వేయగా అది సలసల కాగి విచ్చుకొనును. ఆ సున్నమును గోతిలో నీటి క్రింద నెలల తరబడి మాగనిచ్చుటయు, పిదప ఇసుకతో గలిపి గానుగలో నూరించుటయు, కరక్కాయలు నానిన నీటిని బెల్లపు నీటిని చేర్చుటయు ఆయన పద్ధతి. మాగినకొలది సున్నము వెన్నవలె నగును. గోడకు పూసినపిదప అది గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మరల రాయిగా మారును. ఆ పూత తడియారకముందే నీటితో మాత్రమే నూరిన రంగులను దానిపై వేసినచో, సున్నము రాయియగుచు ఆ రంగును తనలో బంధించును. అప్పుడు రంగు గోడపై నుండదు, గోడయే రంగగును. ఇటలీ దేశమున పాదువా నగరములోని చిన్న ప్రార్థనామందిరమును జొత్తో యను చిత్రకారుడు 1305 ప్రాంతమున ఇట్లే చిత్రించెను. ఒక్క దినమున ఎంత మేర చిత్రింపగలడో అంత మేరకే నాడు సున్నము పూయించెడివాడు. దినమునకు దినమునకు నడుమ నుండు అతుకులను శ్రద్ధగా చూచినవారు నేటికిని గుర్తింపగలరు.

తడిసున్నము రంగులను ఏరుకొనును. జాజు, పసుపుమన్ను, ఆకుపచ్చ మన్ను, దీపపుమసి, సున్నపు తెలుపు దానికి మిత్రములు. ఇంగిలీకము ఎంత ఎఱ్ఱగా మెఱసినను సున్నముపై వెలుగు తగులుచుండ నల్లబడుటకు వచ్చును. నీలిమందు వంటివి వేయదలచినచో గోడ ఆరినపిదప జిగురుతో వేయవలెను. ఆ జిగురునకును మనవారికి శాస్త్రముండెను. పండ్రెండవ శతాబ్దమున కల్యాణ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున, ఎనుబోతు చర్మమును వెన్నవలె నగువరకు కాచి వజ్రలేపమను జిగురు చేయు విధమును చెప్పెను. రాజు గ్రంథమున జిగురు కాచు విధము చోటుచేసికొనినదనగా, ఆనాడు గోడపని ఎంత గౌరవమున నుండెనో మనము గ్రహింపవచ్చును.

ఇది యంతయు తెలిసియు మేము తప్పిపోయిన కాలము కలదు. ఒక గృహస్థు క్రొత్తగా సిమెంటు పూసిన గోడపై, తొందరపెట్టుటచేత, సీతాస్వయంవరమును ప్లాస్టికు రంగులతో వేసితిమి. గృహప్రవేశమునాడు వచ్చినవారందరును మెచ్చుకొనిరి. మొదటి వర్షకాలమున సీత పాదములకడ తెల్లని పొడి పూచెను. గోడలోని లవణములు తేమతో బయలుదేరి వచ్చినవి. రెండవ వర్షకాలమునకు రంగు బుడగలుగా లేచి, ధనుస్సుతో సహా రామచంద్రుని బాహువు ఊడి క్రింద బడినది. ఆ గృహస్థు మమ్మొక్క మాటయు అనలేదు. పటము తెచ్చి ఆ చోట తగిలించుకొనెను. అది మాకు తిట్టుకన్న ఎక్కువైనది. సిమెంటును నిందించుట మా యుద్దేశము గాదు. వంతెనలకును అంతస్తులకును అది కావలసినదే. ఆరవలసిన గోడకు ఆరుటకు కాలమీయకపోవుట, ఊపిరాడు గోడపై ఊపిరాడని పూత వేయుట మా తప్పులు.

గోడ తరువాత వెలుగు. పాత మండువా లోగిళ్ళను చూడుడు. నడుమ ఆకాశము తెరచియుండును. వెలుగు నేరుగా గదిలోనికి దూకక, ముంగిలి గచ్చుపై బడి, అచ్చటినుండి వసారా కప్పునకు ఎగసి, మెత్తబడి లోనికి వచ్చును. ఆ వెలుగులో మూడు రంగులే ముప్పదిగా కనబడును. నేటి గదులందు నడికప్పునుండి తెల్లని విద్యుద్దీపము కంటిలో గుచ్చుచుండ, నాలుగు గోడలకు నాలుగు రంగులు వేసి, అయినను కళ తప్పినదందురు. అందము రంగుల లెక్కయందు లేదు. గోడకు నడుమువరకు మనుష్యులు ఆనుకొందురు, పిల్లలు చేతులు రుద్దుదురు, తలనూనె అంటును. ఆ మేర జాజుతోనో నునుపు గచ్చుతోనో విడువవలెను. చిత్రము కూర్చున్నవాని చూపునకు అందవలెను గాని చేతికి అందరాదు. ఖాళీగా విడిచిన గోడయు చిత్రములో భాగమే. గడపకు పసుపు పూసి, ముంగిట ముగ్గు తీర్చి, గోడ నడుమ వెలితిని వెలితిగా విడుచు మన గృహిణులకు ఈ మాట మేము నేర్పనక్కరలేదు. వారివద్దనే మేము నేర్చితిమి.

వాస్తువును చిత్రమును ఒకదానికొకటి ఎట్లు లొంగునో తెలిసికొనగోరువారు ఒక్కసారి లేపాక్షికి పోవలెను. నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో గల ఆ వీరభద్రాలయమును అచ్యుతదేవరాయల కాలమున, అనగా 1530 ప్రాంతమున, విరుపణ్ణ వీరణ్ణ సోదరులు వృద్ధి చేయించిరి. మేమచ్చట ప్రాతఃకాలమునుండి ద్వారములు మూయువరకు వెల్లకిల పండుకొని చూచిన దినములు కలవు. అచ్చటి నాట్యమండపము స్తంభములపై నిలిచిన తెరపిచోటు. దానికి చిత్రము వేయదగిన గోడలు లేవు. స్తంభములన్నియు శిల్పులు ఆక్రమించిరి. చిత్రకారునకు మిగిలినది కప్పు మాత్రమే. ఆయన చిన్నబుచ్చుకొనలేదు. దూలములకు నడుమ నున్న పొడవైన పలకలనే పొడవైన కథలకు వీథులుగా చేసికొనెను. ద్రౌపదీస్వయంవరము, కిరాతార్జునీయము, పార్వతీకల్యాణము ఆ వీథులందు వరుసగా నడచుచుండును. మనము క్రింద నడచినకొలది కథయు పైన నడచును. రాతినేలపై బడిన యెండ పైకెగసి ఆ బొమ్మలకు వెలుగిచ్చును.

రంగులు చూడబోయిన అతి కొద్దివి. రాతికి పూసిన సున్నపు పూతపై జాజు, పసుపు, నలుపు, తెలుపు, పచ్చ. ఆ కొద్ది రంగులతో స్త్రీల చీరలయందు ఎన్ని గళ్ళు, ఎన్ని చారలు, ఎన్ని అంచులు! నేతగాండ్రు నేటికిని ఆ అంచులను జూచి మగ్గములకు ఎక్కించుచున్నారు. పురుషుల తలలపై నాటి పొడవైన కుళ్లాయిలు కలవు. అర్ధమండపపు కప్పున పెద్ద వీరభద్రమూర్తియు, ఆయన పాదములచెంత చిన్నవారుగా దాతలును కనబడుదురు. దాతలను చిత్రించుట తప్పుగాదని, ఎంత పరిమాణమున చిత్రింపవలెనో మాత్రము తెలిసియుండవలెనని ఆ చిత్రకారుడు మనకు నేర్పుచున్నాడు. దాతల పేర్లు నిలిచినవి. ఆయన పేరు మనకు దక్కలేదు. 2022లో ఈ ఆలయమును ఐక్యరాజ్యసమితి విద్యాసాంస్కృతిక సంస్థవారి ప్రపంచవారసత్వ ప్రతిపాదిత పట్టికలో చేర్చిరి. ఆ గౌరవములో పేరులేని ఆ కుంచెకును పాలు కలదు.

దేవాలయమునకు తగినది ఇంటికి తగునా యని అడుగువారు కలరు. పూర్వులు ఈ ప్రశ్నను విడువలేదు. విష్ణుధర్మోత్తరపురాణము మూడవ ఖండమునందలి చిత్రసూత్రము, ఇండ్లయందు శృంగార హాస్య శాంత రసములు గల చిత్రములే యుండవలెననియు, యుద్ధము, శ్మశానము, మరణము, దుఃఖము చూపునవి ఇంట ఉండరాదనియు, తక్కిన రసములకు దేవాలయములును రాజసభలును చోటనియు చెప్పుచున్నది. దినమును ఆరంభించుచోట, అన్నము దినుచోట, పిల్లలు నిద్రించుచోట కంటియెదుట ఏమి నిలుచునో అది మనస్సునకు ఆహారమగునని దాని భావముగా మాకు దోచినది. ఆ గ్రంథమే, తన ఇంట తాను చిత్రము వేసికొనరాదనియు చెప్పినది. అందుచేతనో సోమరితనముచేతనో చెప్పలేము గాని, మా ఇంటి గోడలు మాత్రము నేటికిని బోసిగానే యున్నవి! మా ఇంటివారు ఈ సభయందున్నారు గనుక ఈ ప్రమాణమును గట్టిగా చెప్పుచున్నాము.

ఇక మాకు చెప్పుట కష్టమైన మాట యొకటి కలదు. అది ఈ సభలోనే చెప్పదగినది. ఏలనన ఇచ్చట ఆలయ ధర్మకర్తలును, జీర్ణోద్ధరణ పూనినవారును పెక్కురు కలరు. మాకు ఇరువదియేండ్ల ప్రాయమున ఒక గ్రామమున ఉత్సవమునకు పాత మండపమును క్రొత్తగా చేయు పని దొరకినది. కప్పంతయు దీపపుపొగచే నల్లబడియుండెను. మేము నిచ్చెనయెక్కి పొడిగుడ్డతో తుడిచి చూడగా పొగక్రింద ఒక స్త్రీ హస్తము, అందొక తామరమొగ్గ, చీర అంచున వరుసగా నడచు హంసలు కనబడినవి. మా తండ్రిగారు క్రిందనుండి, "ఏమున్నదిరా?" యని అడిగిరి. ఉన్నదని చెప్పినచో పని ఆగును. పని ఆగినచో కూలి ఆగును. ఉత్సవమునకు ఐదు దినములే కలదు. "ఏమియు లేదు" అంటిమి. సాయంకాలమునకు ఆ హంసలపై నూనెరంగు పూసితిమి. దానిపై మేమే క్రొత్త పద్మములు వ్రాసితిమి. అందరును బాగున్నదనిరి.

తదుపరి తంజావూరి సంగతి తెలిసినప్పుడు మా పశ్చాత్తాపము రెండింతలైనది. 1010లో పూర్తియైన బృహదీశ్వరాలయపు గర్భాలయము చుట్టునుగల చీకటి వసారాలో, తెలుగు నాయకరాజుల నాటి చిత్రముల క్రింద చోళుల నాటి చిత్రములు దాగియుండగా, 1931లో ఎస్. కె. గోవిందస్వామిగారు కనుగొనిరి. పై పొర సున్నపు పొర యగుటచేత క్రింది పొర చావలేదు. పిదప పురావస్తుశాఖవారు కొన్నిచోట్ల పై చిత్రమును చెడకుండ ఊడదీసి వేరు పలకలపై నిలిపి, రెండింటిని దక్కించిరి. మేమా మండపమున పూసినది సున్నమైయున్నచో మా తప్పును ఒకనాడు ఎవరైన దిద్దెడివారు. నూనెరంగు దిద్దుబాటునకు దారి మిగుల్చలేదు. నాటినుండి మేము ఏ ఇంట పనిచేసినను, ఏదో ఒక అంచున ఆ హంసలను నడిపించుచున్నాము. అది అలంకారమని గృహస్థులు తలతురు. అది మేము చెల్లించుచున్న అప్పు.

కావున ధర్మకర్తలగు పెద్దలకు మా విన్నపము. పాత మండపమునకు వెల్ల వేయించుటకు ముందు పగటివెలుగున ఒక్కసారి కప్పును, గోడల మూలలను చూపింపుడు. గీతయొక్కటి కనబడినను నీరు తగిలింపవలదు, గీకింపవలదు, సబ్బుతో కడిగింపవలదు. ఛాయాచిత్రములు తీయించి పురావస్తుశాఖవారికి వ్రాయుడు. ఉత్సవము ఒక యేడు నల్లని కప్పుక్రింద జరిగినను దేవుడు కోపింపడు.

ఇక రెండవ విన్నపము. మన సంఘమువారు కట్టించుచున్న విద్యార్థి వసతిగృహమున నడిమి సభాశాల గోడలకు ఇంకను పూతపని కాలేదని వింటిమి. ప్రవేశోత్సవమునాడు ఆ గోడలపై దాతల నిలువెత్తు రూపములను వేయవలెనని కొందరు మమ్మడిగిరి. దాతలను మేము మనసార గౌరవింతుము. వారు లేక గోడయే లేదు. కాని లేపాక్షి చిత్రకారుని కొలతను మరువవలదని ప్రార్థించుచున్నాము. వారి నామములు శిలాఫలకమున చిరస్థాయిగా నుండుగాక. గోడను పిల్లలకు విడువుడు. శాంతినికేతనమున కళాభవన విద్యార్థి వసతిగృహపు కప్పున వినోదబిహారీ ముఖర్జీగారు 1940లో ఒక చిత్రమును వ్రాసిరి. అందు దేవతలు లేరు, దాతలు లేరు. నడుమ నొక చెరువు. దాని చుట్టును ఆ బీర్భూం ప్రాంతపు చెట్లు, పశువులు, పనిపాటల మనుష్యులు. పండుకొన్న విద్యార్థి కన్ను తెరచినంతనే తన దేశము తనకు కనబడును. అట్లే మన శాలయందును నడుమ నొక ముంగిలి, దాని చుట్టును కొలిమి, బాడిస, ఉలి, పోతమూస, కుంపటి, తాపీ పట్టిన చేతులును, ఆ చేతులు కట్టిన ఇండ్లును కనబడినచో, అక్కడ చదువుకొను బాలుడు రేపు ఇంజనీరైనను వైద్యుడైనను తన తాత చేతిని మరువడు.

ఇందుకై తూర్పుగోడ ఒక్కదానికి సిమెంటుపూత వేయింపక నిలుపుడు. సున్నపుగోయి నేడే త్రవ్వింపుడు. మాగుటకు దానికి నెలలు కావలెను. మా కూలి మాకు వలదు. సున్నమునకును, రంగుమన్నులకును, ఇద్దరు శిష్యుల భోజనమునకును సంఘమువారు ఏర్పాటు చేసిన చాలును. ఆ శిష్యులే మాకు ముఖ్యము. మావద్ద ఈ పని నేర్చినవారు మువ్వురు. అందిద్దరు నేడు ఫ్లెక్సీలు అచ్చువేయు యంత్రములవద్ద నున్నారు. పొట్టకూటికి పోయినవారిని తప్పుపట్టజాలము. మూడవవానికి మాకంటె మంచి చేయి కలదు గాని, ఏడాదికి రెండు గోడలైన దొరకక వాడును తాళజాలకున్నాడు. వాడు పోయినచో మా తండ్రిగారి సున్నము మాతోనే ముగియును. పుస్తకమున వ్రాసి దాచవచ్చునందురు. పూత ఏ క్షణమున రంగునకు సిద్ధమగునో పుస్తకము చెప్పజాలదు. వ్రేలు తగిలించి తెలిసికొనవలెను. ఒక వ్రేలు మరియొక వ్రేలికి నేర్పవలెను.

సుందరమైన ఇల్లు ఏదియని మమ్మడిగితిరి. కట్టినవారందరును ఒకరి పనిని ఒకరు గౌరవించిన ఇల్లు సుందరము. అందు తుదివాడు చిత్రకారుడు. కాని వానిని తుదిదినమున పిలువవలదు. పునాది త్రవ్వునాడే పిలిచి ఒక మూల కూర్చుండబెట్టుడు. వాడేమియు మాటలాడడు, వెలుగు ఎటునుండి వచ్చునో చూచుకొనుచుండును.

 సంఘము నిర్మించు గోడలు నిలుచుగాక. వాని నీడన మన బిడ్డలు వృద్ధిపొందుదురుగాక.

స్వస్తి.